చెయ్యి చెవికి అందిన తారీఖు

అట్ల రాస్తే నేను సంతకం పెట్టను మేడం. 'ఇద్దరూ అన్నింటా సమానులే' అనేది యాడన్నా ఒక జవాబా? పద్దెనిమిదేండ్ల నుంచి వచ్చిన ఎంక్వైరీ ఆఫీసర్లలో శానామంది ఇదే మాట రాసి, కాఫీ తాగి, కడప బస్సెక్కినారు. మీరు చిన్న వయసు, గ్రూప్ వన్ రాసి వచ్చినోళ్లు. పావని మేడం గట్టి మనిషంట అని ఆఫీసంతా అంటాండారు. మీరన్నా ఏదో ఒకటి తేల్చి పోండి.

నేనేమన్నా కలెక్టరు పోస్టు అడిగినానా? డిప్యూటీ తాసిల్దారు. పులివెందులలో ఒకే ఒక్క ఖాళీ ఉండాది. ఈ నెలాఖరుకు నాకు రిటైర్మెంటు, ఇంక పందొమ్మిది దినాలు. అందులో ఒక్క దినమన్నా ఆ కుర్చీలో కూర్చుని లేస్తే, 'ఆదినారాయణ, రిటైర్డ్ డిప్యూటీ తాసిల్దారు' అని ఇంటి గేటుకు బోర్డు పెట్టుకుంటా. లేకుంటే రిటైర్డ్ సీనియర్ అసిస్టెంటు. దానికి ఎవురన్నా బోర్డు పెట్టుకుంటారా, మీరే చెప్పండి.

అడ్డం ఎవురంటే గఫూరు. నా పక్క టేబులే. ఈ పొద్దు లీవులో ఉండాడు, మనవరాలు ముస్కాన్‌ను ప్రొద్దుటూరు కాలేజీలో చేర్పించేదానికి పోయినాడు. వానికీ ఈ నెలాఖరుకే రిటైర్మెంటు. అదెట్ల అంటారా? ఆడికే వస్తాండా.

మా నాయన తాసిల్దారు ఆఫీసులో బంట్రోతు. వాళ్ల నాయన ఆడనే జీపు డ్రైవరు. ముద్దనూరు దాటినాక ఒక మలుపులో జీపు బోల్తాపడి ఇద్దరూ ఒకేసారి పోయినారు. చనిపోయినోళ్ల పిల్లలకు ఉద్యోగమిచ్చే లెక్కలో మా ఇద్దరికీ ఒకే కాగితం మీద ఆర్డరు వచ్చింది. ఒకే పొద్దున, ఒకే బస్సులో వచ్చి ఈ జమ్మలమడుగులో జాయినయినాము. రిజిస్టర్లో సంతకం పెట్టాలంటే వాని దగ్గర పెన్ను లేదు. నాదిచ్చినా. ఇచ్చినోన్ని ఊరికే ఉండక, ముందు నువ్వే పెట్టప్పా అన్నా. మర్యాద మేడం, ఇంకేం లేదు.

ఆ మర్యాదే నా కొంప ముంచింది. మొదటి ఎంక్వైరీలో వాని సంతకం పైనుండాది కాబట్టి వాడే సీనియరన్నారు. పెన్ను నాదని నేను ఆబ్జెక్షన్ పెట్టినా. పెన్ను నీదని రుజువేందని అడిగినారు. ముప్పై ఎనిమిదేండ్ల కిందటి పెన్నుకు రుజువు యాన్నుంచి తేవాల?

రెండో ఆయన మంచోడే. చీటీలేస్తా, ఎవుని పేరొస్తే వాడే సీనియరన్నాడు. మేమూ సరే అన్నాము. చీటీ తీసినాడు. విప్పేలోపల ఫోనొచ్చింది, ఆయనకు ట్రాన్స్‌ఫర్. చార్జి ఇచ్చేసినోడు విప్పకూడదంట. దాన్నట్లే కవర్లో పెట్టి, లక్క ముద్రేసి, ఫైల్లో కుట్టినారు. విప్పేదానికి పర్మిషన్ రావడానికి రెండేండ్లు పట్టింది. విప్పితే పురుగు తినేసి ఉండాది. కాగితమంతా తిన్లేదు మేడం, పేరుండే కాడికి మాత్రమే తినింది. పురుగు మీద కూడా ఒక రిపోర్టు పోయింది పైకి.

మీరు నవ్వుతాండారు. నవ్వండి. ఇది తేలేదాకా మా ఇద్దరి పేర్లు పక్కనబెట్టి కిందోళ్లను పైకి పంపినారు, తాత్కాలికంగా అని. శివ అని ఒకడుండాడు, కవరు మీద అడ్రస్ రాసేది నేనే నేర్పించినా. ఇప్పుడు వాడు నాకు తాసిల్దారు. నేను లేచి నిలబడితే 'కూర్చోండి సార్' అంటాడు. వాడట్ల అన్నప్పుడు నాకు శానా కోపమొస్తాది. అనకపోయినా వస్తాది.

ఇంక అసలు సంగతికొస్తా. ఒకే దినం చేరినోళ్లలో వయసులో పెద్దోడు సీనియర్ అని రూలుండాది. మీరు కూడా అదే చూసినారు. చూస్తే ఇద్దరికీ ఒకటే పుట్టిన తారీఖు, జూలై ఒకటి, సంవత్సరం కూడా ఒకటే. అందుకే 'సమానులే' అని రాసేస్తాండారు. కానీ ఆ తారీఖు యాన్నుంచి వచ్చిందో ఎవురన్నా అడిగినారా? ఒక్కరు అడగలేదు.

మాదీ గఫూరోళ్లదీ ఒకే పల్లె, ఆడ బడికి పోతే అయ్యవారు వయసు అడగడు మేడం. కుడి చెయ్యి నెత్తి మీద నుంచి తిప్పి ఎడం చెవిని పట్టుకోమంటాడు. అందితే ఐదేండ్లు నిండినట్లు. అందకపోతే పోయి వచ్చే ఏడు రాపో అంటాడు. అందినోళ్లందరికీ జూలై ఒకటి అని రాసేస్తాడు, ఆయనకదే సులువు. గఫూరోళ్ల ఇంట్లో అందరివీ పొడుగు చేతులు. వానికి ఐదేండ్లకే చెవి అందింది. నావి చూడండి. పొట్టివి. మా అమ్మ సంకటి పెట్టి పెట్టి అలిసిపోయింది గానీ చెయ్యి సాగలేదు. మూడేండ్లు తిప్పి పంపినాడు. ఎనిమిదో ఏట అందింది. ఆ పొద్దు గఫూరుకూ అందింది. ఇద్దరికీ ఒకటే తారీఖు వేసినాడు.

అంటే వానికంటే నేను మూడేండ్లు పెద్ద. సాక్షి ఉండాది మేడం. బయట బెంచీ మీద కూర్చోనుండే ముసలామె మా అమ్మ, వెంకటసుబ్బమ్మ. లింగాలలో మా చెల్లెలింట్లో ఉంటాది. నిన్న ఆటో పెట్టి పిలిపిచ్చినా. నన్ను కన్న ఏడూ తెలుసు, గఫూరోళ్లమ్మకు కాన్పు చేయించిన ఏడూ తెలుసు, మధ్యలో ఎన్ని పంటలు పోయినాయో కూడా తెలుసు. స్టేట్‌మెంటు మీద వేలిముద్ర వేసిచ్చింది, మీ ముందరే ఉండాది. కాబట్టి రాసుకోండి. వయసు రీత్యా ఆదినారాయణే సీనియర్. రాసినారా?

ఏంది మేడం, అట్ల చూస్తారు?

మల్లా చెప్పండి.

మూడేండ్లు పెద్దయితే... ఆ. అరవై రెండు ఎప్పుడు నిండినట్లు?

ఉండండి, నీళ్లు తాగుతా.

మూడేండ్ల కిందనే నిండినట్లు. అప్పుడే నేను ఇంటికి పోయుండాల. రిటైరయిన మనిషి రోజూ వచ్చి ఫైళ్లు రాస్తాండాడు, పైగా ప్రమోషన్ అడుగుతాండాడు. అంతేనా మీరనేది? చిన్నోన్నయితే ప్రమోషన్ లేదు, పెద్దోన్నయితే ఉద్యోగమే లేదు. ఇదేం రూలు మేడం?

ఆ రాసింది కొట్టేయండి. ఆ వేలిముద్ర కాగితం కూడా ఇట్లియ్యండి. మా అమ్మకు ఎనభై నాలుగేండ్లు. నిన్న నన్ను చూసి మా చిన్నాయన పేరు పెట్టి పిలిచింది. ఆమె మాట ఒక్క అక్షరం నమ్మొద్దు. ఒక్క నిమిషం, తలుపేసొస్తా.

వేసినా. 'నువ్వే పెద్దోడివని రాసుకున్నారా నాయనా' అని అడుగుతాండాది. గమ్మునుండుమా అని చెప్పొచ్చినా.

చేతులా? చేతులు పొట్టివి గాదు మేడం, ఎవురన్నారు? ఇదో, చూడండి. అందుతాండాది. ఐదేండ్లకు కూడా అందేది. ఆ అయ్యవారికే కండ్లు సరిగ్గా కనపడవు.

ఏంది ఆ కాగితం? గఫూరిచ్చిందా? ఇయ్యండి చదువుతా.

'ఆదినారాయణన్న నాకంటే మూడేండ్లు పెద్ద. బడిలో చేరకముందు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పేవాడు. ప్రమోషన్ ఆయనకే ఇయ్యండి. నా ఆబ్జెక్షన్ వాపసు తీసుకుంటాండా.'

చూసినారా ఎట్ల పొడిచినాడో? అన్నా అన్నా అంటానే నన్ను మూడేండ్ల కిందటికి గెంటి గడియ పెట్టినాడు. నోట్లో వేలు పెడితే కొరకలేనట్లుంటాడు మేడం, లోపలంతా...

తారీఖా? ఏం తారీఖు?

పదకొండేండ్ల కిందటిది.

అవును. ముద్ర పక్కన ఉండే పొట్టి సంతకం నాదే. అప్పుడు టపా సీటు నాది. ఆఫీసుకొచ్చే కాగితాలన్నీ తీసుకుని, ముద్రేసి, జిల్లా ఆఫీసుకు పంపే పని. వాడు తెచ్చి నా చేతికే ఇచ్చినాడు. నకలు మీద కూడా ముద్రేయించుకున్నాడా? ఏమో, ఏదో పనిలో వేసింటా. వాడు దాన్ని ఇన్నేండ్లు దాచిపెట్టుకుంటాడని ఎవురనుకున్నారు?

పంపలేదు మేడం. మాట తిప్పి లాభం లేదు. చదివి, బీరువాలో కింది అరలో, పాత ఓటర్ల లిస్టుల కింద పెట్టినా. పంపింటే నెల తిరగకముందే నేను డిప్యూటీ తాసిల్దారు. ఎప్పుడో తాసిల్దారయ్యుందును. శివ నాకు ఫైళ్లు తెస్తాండేవాడు.

ఎందుకంటే ఏం చెప్పాల. వాడిస్తే నేను తీసుకోవాల్నా? వాళ్ల నాయన తోలిన జీపులో మా నాయన పోయినాడు. టైరు పగిలిందన్నారు. అది నిజమే, నేను పోయి చూసినా ఆ టైరును. ఆయన తప్పేముంది, ఆయనా పోయినాడు గదా అని మా అమ్మ కూడా అనింది. నాకు మాత్రం తెల్దా? తెలిసీ లోపల ఒకటి మిగిలిపోయింది. వానితో పోట్లాడి గెల్చి తీసుకోవాల అనుకున్నా. వాడేమో ఓడిపోకుండానే ఇచ్చేస్తాండాడు. అట్లిచ్చినోనితో ఏం చేయాల? వాడు చెప్పినాడని దాచిపెట్టిన మాటనే ఈ పొద్దు మా అమ్మను ఆటోలో తెచ్చి చెప్పించినా. నా మొగానికి సిగ్గుండాదా మేడం?

వాడు రెండు మూడు నెలలకొకసారి అడుగుతాడు, టీ తాగేటప్పుడు. 'అన్నా, నా కాగితానికి జవాబు వచ్చిందా?' అని. జిల్లా ఆఫీసులో ఉండాదప్పా, వస్తాది అంటా. 'శానా ఆలస్యం చేస్తాండారే, పాపం నీకు' అంటాడు. నాకంట, పాపం. వాని ప్రమోషన్ కూడా దాంతోనే ఆగిందని ఒక్కసారి కూడా అన్లేదు.

నిన్న మీకీ నకలు ఎందుకిచ్చినాడు, నా మీద ఫిర్యాదు చేసినాడా?

జవాబు తొందరగా తెప్పియ్యమన్నాడా. అన్న రిటైరైపోతాండాడు, ఈలోపల వచ్చేటట్లు చూడమన్నాడా.

సరే. రాసుకోండి మేడం. నా ఆబ్జెక్షన్ వాపసు. గఫూరే సీనియర్, నాకేమీ అభ్యంతరం లేదు. ఆ పులివెందుల పోస్టు వానికే ఇయ్యండి. గేటుకు బోర్డు వాడే పెట్టుకోనీ. ఇట్లియ్యండి ఆ పెన్ను, యాడ పెట్టాల సంతకం? ఈడనా?

ఒక్కటి మాత్రం మీరు నాకు సాయం చేయాల. బీరువా సంగతి వానికి చెప్పొద్దు. నేను చెప్తాలే అనుకోకండి, నేనూ చెప్పను. చెప్పే మనిషినైతే పదకొండేండ్లు పట్టేదా?

రేపు ఆర్డరు చేతికొచ్చినాక అడుగుతాడు, అన్నా, ఇన్నేండ్లు నా కాగితం యాడుండిందన్నా అని. జిల్లా ఆఫీసులోనే అప్పా అంటా. పదకొండేండ్లు నమ్మినోడు, ఇంక పందొమ్మిది దినాలు నమ్మడా మేడం.