ఓబుళక్క ఇడిసిన తోక

"అవ్వా, ఆ కంప్యూటరు పాప నీ గొంతును వేరే తీసిందంట గదా?"

అవునే. కూసో, చెప్తా. ఆ శెనక్కాయలు ఒలుస్తానే ఇను.

మా పెద్ద తోడికోడలు ఓబుళక్క ఉండాది గదా, ఇప్పుడు కదిరిలో కొడుకు తాన. నల్లమాడ చేన్లో కాయ పెరికేటప్పుడు పాట ఎత్తేది ఆయమ్మే. ఒగ వరస పాడి ఇడిస్తే, ఆ తోక అందుకుని మేము మళ్లా పాడల్ల. అందుకునేవాళ్లలో ముందు నేను. ఎవురొచ్చినా "ఓబుళమ్మ గొంతే గొంతు" అనేవాళ్లే. మీ తాత గూడా ఒగనాడు బువ్వ తింటా తింటా అదే మాట అన్న్యాడు. మర్సటి పొద్దు పప్పులో ఉప్పు రెండుతూర్లు ఏసినా. కావాలనే!

వయసులో ఉన్నెప్పటి కుళ్లు అది... లే, ఇప్పుడూ ఉండాది, అబద్ధం యాల?

నేనేమనుకుంటాంటినంటే, ఆయమ్మకు దమ్ము చాలదు, వరస కడదాకా లాగలేదు, నేను అందుకోబట్టే పాట నిలబడుతాండాదని. హిందూపురం సంతకు పోయినా అందరికీ అదే చెప్తాంటి.

మొన్న పెనుకొండ నుంచి ఒగ పాప వచ్చె, చేని పాటల మీద పరిశోధన అంట. మా మరిది ఆ కాలంలో చేన్లోనే పట్టిన క్యాసెట్టు కంప్యూటర్లోకి ఎక్కిచ్చె. "కలిసిపోయిన గొంతుల్ని గూడా ఇప్పుడు ఇడదీయొచ్చవ్వా" అనె. బియ్యంలో రాళ్లేరినట్లంట! నేనూరుకుంటానా? "అట్లయితే ఓబుళక్కను తీసేయి పాపా. నన్నొగదాన్నే ఇనిపియ్యి" అంటి. నలభై ఏండ్ల కోరిక గదా.

చెవులకు పెట్టె. ఇన్న్యా. బాగానే ఉండాది నా గొంతు, ఏమనుకున్న్యావు! అయితే తెర మీద రెండు గీతలు చూపిచ్చె. పైది ఆయమ్మది, కిందిది నాది. ఆయమ్మ గీత నడస్తాండంగానే నేను మీదపడి దూరుతాండా. నేను దూరంగానే ఆయమ్మ నిలిపేస్తాండాది. నడుమ నేను నీళ్లు తాగేదానికి పోయినట్లుండాది, నా గీత లేదు. ఆడ ఇనల్ల నువ్వు! వరస ఎంత పొడుగు లాగిందో, దమ్ము తీరనే లేదు. నేను తిరిగొస్తానే మళ్లా పొట్టి.

దమ్ము లేక కాదే. నాకు చోటిచ్చె. ఇన్నేండ్లూ ఒగ మాట అనలే.

దాంట్లో గూడా నన్ను మించె, సూడు! ఏడుపొచ్చె, కోపమూ వచ్చె. "మళ్లా కలిపెయ్యి పాపా" అంటి.

కలిపినాక, పాడినోళ్ల పేర్లు రాయమని కాగితమిచ్చె. ఓబుళక్కకు అచ్చరమ్ముక్క రాదు. నా పేరొగటే రాసింటే గూడా అడిగేవాళ్లు లేరు. నువ్వు దిద్దిచ్చిన అచ్చరాలే గదా నాయి. ఆయమ్మ పేరు పైన రాసినా.

నా పేరు కింద. రోంత పెద్దచ్చరాలు.

నవ్వుతావేమే! సల్లగుండు. నీ ఎనక అందుకునేవాళ్లు ఉండల్ల, వాళ్లకు నువ్వు చోటియ్యల్ల... ఆ చాట ఇట్లియ్యి, సగం పొట్టే ఉండాది దాంట్లో...