స్టెర్యోస్ ఇప్పించిన కాఫీ

మెసోలాక్కో ఊరి పెద్దలారా, అక్కలారా, అన్నలారా, డొమ్నా వదినా!

పొద్దున్నే స్టెర్యోస్‌ను మట్టిలో పెట్టి వచ్చాం. ఇంత ఎండలోనూ ఊరంతా ఈ హాల్లోకి కదిలొచ్చింది. నేను పక్క కొండ మీది ఊరివాణ్ణి, ఖ్రిసాఫిస్‌ని. జర్మనీలో, హానోవర్ టైర్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్లు వాడి పక్కన నిలబడి పనిచేశాను. మంచి మాటలు మీరు చాలా చెప్పారు. నేను మాత్రం కోపంతో లేచాను, మన్నించండి.

అక్కడ మాకు పెట్టిన పేరేమిటో తెలుసా? అతిథి కార్మికులు! పేరుకి అతిథులం, చేసేది చాకిరీ. ఆదివారం గదిలో చిక్కుడుగింజల పులుసు కలియబెడుతూ స్టెర్యోస్ ఒకటే మాట అనేవాడు: "మా ఊరి కాఫీ కొట్లో నా డబ్బుతో అందరికీ కాఫీ ఇప్పించిన రోజే నేను ఇల్లు చేరినట్టురా."

చివరికి ఊరికి తిరిగొచ్చాడు. జేబులో చెయ్యి పెట్టాడు. మీరేమన్నారు? "ఒరేయ్ జర్మనీవాడా, చెయ్యి తియ్యి! వచ్చినోడి చేత డబ్బులిప్పిస్తే మా పరువేం కానురా!" మర్యాదే, కాదనను. మన కొండల్లో పై ఊరివాడి చేత కాఫీ డబ్బులు కట్టించం. కానీ అది మొదటి రోజు మర్యాద. పదకొండేళ్లా? ఈ ఊళ్లో పుట్టినవాడికి పదకొండేళ్లూ చుట్టం మర్యాదలేనా?

ఒక చలికాలం కొట్టు నడిపే జిసిస్ చేతిలో ముందే డబ్బు పెట్టి, ఎవరిచ్చారో చెప్పొద్దన్నాడు. సాయంత్రానికల్లా ఆ డబ్బు, పైన సంచెడు అక్రోట్లు, ఇంటికి తిరిగొచ్చాయి. మీరంతా నవ్వుకున్నారు. వాడు నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. "అక్కడా చుట్టాన్నే, ఇక్కడా చుట్టాన్నే. మరి నాది ఏ ఊరురా?" రచ్చ గెలిచి ఇంట ఓడిపోయాడు నా స్నేహితుడు. చెడ్డవాళ్ల చేతిలో కాదు, మీ మంచితనం చేతిలో.

ఇప్పుడు మీ ముందున్న కాఫీ, బ్రాందీ చావింటివాళ్లు పోయించినవి. కాదనకూడదు, ఆచారం. వాడి కాఫీ మీరు తాగడానికి వాడు చావాల్సి వచ్చింది.

వాడి భార్య, మా డొమ్నా వదిన, వచ్చేవారం హానోవర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతానంటోంది. ఎందుకంటే, "చుట్టాలు ఎన్నాళ్లుంటారయ్యా?" అంది. పెట్టె ఇంకా సర్దలేదు. రేపు పొద్దున్నే ఎవరైనా వెళ్లి ఆ తలుపు కొట్టండి. ఏమీ తీసుకెళ్లకండి. ఖాళీ గిన్నె పట్టుకెళ్లి, ఇంట్లో నూనె నిండుకుంది, కాస్త పొయ్యమని అడగండి.

ఇక లేవండి. స్టెర్యోస్ కోసం కాసేపు మౌనంగా నిలబడదాం. అదుగో, వదిన కూడా లేస్తోంది. ఆమెను కూర్చోమనకండి. మీతోపాటే నిలబడనివ్వండి.