ఫోటోలో నా మోచెయ్యి

కూర్చో బుజ్జీ. రేపు మీ క్లాసుకి నువ్వు ఒక్కరినే తీసుకెళ్ళాలి, ఆసుపత్రి కంప్యూటర్లు మూగబోయిన రోజు గురించి చెప్పించాలి, అంతేగా? ఒకపక్క జన్మంతా పిల్లలకి పాఠాలు చెప్పిన మీ అమ్మమ్మని, నేను. ఇంకోపక్క నర్సుగా రిటైరై, ఇదిగో ఈ వరండాలో బఠాణీలు ఒలుస్తున్న మీ నానమ్మ. నేనేం బలవంతపెట్టను. విని నువ్వే తేల్చుకో.

స్టూలు కూడా లేకుండా మా వరండా ఫ్యాను బిగిస్తున్న పొడుగు నాయనా, నువ్వూ విను. పని చేతులది, చెవులు ఖాళీయేగా.

"వింటున్నానండీ టీచరుగారూ."

ముందు అసలు సంగతి అర్థం కావాలి. మామూలు దొంగ ఏం చేస్తాడు? సొమ్ము ఎత్తుకుపోతాడు. ఈ దొంగ అలా కాదు. ఎక్కడో కూర్చుని మన బీరువాకి తన తాళం వేస్తాడు. సామానంతా లోపలే ఉంటుంది, మన చేతికే అందదు. డబ్బిస్తేనే తాళంచెవి. దాన్ని రాన్సమ్‌వేర్ అంటారు. ఏమంటారు?

"రాన్సమ్‌వేర్!"

భేష్. మన ప్రభుత్వాసుపత్రికి అదే తగులుకుంది. ఎవరికి ఏ మందు పడదో, ఎవరిది ఏ రక్తమో, ఎవరికి ఏ పూట ఆపరేషనో, అన్నీ లోపలే బిగుసుకుపోయాయి. నేను వెళ్ళింది బీపీ చూపించుకోడానికి, అంతే. చూద్దునా, టోకెన్ల మిషను చచ్చింది, హాలంతా సంతలా ఉంది. ఒక్క చప్పట కొట్టి "లైన్లో!" అన్నాను. ఇక చూస్కో, చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది.

"నానమ్మ కూడా ఉంది కదా?"

ఉంది. ఎవరూ పిలవకుండానే వచ్చింది. వచ్చి ఏం చేసిందిట? ప్లాస్టరు ముక్కల మీద పేరూ, పడని మందూ రాసి ఒక్కొక్కళ్ళ చొక్కాకి అంటించింది. అదీ ఒక గొప్పేనా? మా ఒకటో తరగతి పిల్లలు ఇంకా తిన్నగా అంటిస్తారు. అయినా ఆసుపత్రి గోడమీద నిలువెత్తు ఫోటో ఎవరిది? మీ నానమ్మది! అంచులో ఎవరిదో మోచెయ్యి కనిపిస్తుందే, అది నాది. సొమ్మొకడిది, సోకొకడిది.

"ఆ మోచేతికి వెంట్రుకలున్నాయి అమ్మమ్మా."

ఫోటో మసకగా వచ్చింది తల్లీ. అయినా మధ్యలో మాట్లాడకూడదు, చెయ్యెత్తి అడగాలి.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎక్స్‌రే గదీ మూతపడింది. నేనేం చేశాను? రోగుల్ని ఎండ పడే కిటికీలో నిలబెట్టి, కళ్ళజోడు ఇలా సర్దుకుని చూశాను. ఎముకలు తెల్లగా, లెక్కపెట్టుకోవచ్చు! ఒకాయనకి విరిగిన ఎముక పక్కనే చిన్నప్పుడు మింగిన గోళీ కూడా కనబడింది. చెప్తే "అయ్యో, దీనికోసం తమ్ముణ్ణి అనవసరంగా కొట్టాను" అని బావురుమన్నాడు. రక్తపరీక్షలంటావా, ఒక్కొక్కళ్ళ చేత పేరు రాయించాను. అక్షరాలు పాలిపోయి ఉంటే రక్తం తక్కువ, రాసిన వరస పైకి ఎగబాకితే బీపీ.

"మరి డాక్టర్లేం చేస్తున్నారండీ?"

నోట్సు రాసుకుంటున్నారు నాయనా.

అంతలో ఫోను. ఎవరనుకున్నావు, దొంగ! పెద్ద డాక్టరుగారి చేతిలోంచి నేను లాక్కున్నాను. వాడు "డబ్బు..." అన్నాడో లేదో, "ముందు నమస్కారం చెప్పడం నేర్చుకో, హోంవర్కు చేశావా?" అన్నాను. అవతల కుర్చీ జరిగిన చప్పుడు! లేచి నిలబడ్డాడు వెధవ. పదిహేడో ఎక్కం అప్పజెప్పమంటే మొదట్లోనే తడబడ్డాడు. ఫోన్లోనే గోడకుర్చీ వేయించాను. "ఇంకెప్పుడూ తాళాలు వెయ్యను" అని రాయమన్నాను. ఎక్కడ రాశాడో తెలుసా? ఆసుపత్రి కంప్యూటర్లన్నిటి మీదా! రాసేకొద్దీ ఒక్కో తాళం ఊడుతోంది. చెయ్యి ఆగక, ప్రపంచంలో ఏ ఆసుపత్రికి ఎవడు తాళం వేసినా అన్నీ తీసేశాడు. ఆ ఊపుకి మందుల బీరువాలు తెరుచుకున్నాయి, మా వీధి చివర తుప్పుపట్టిన గేటు తెరుచుకుంది, శవాల గది తెరుచుకుని లోపలున్నాయన లేచి కూర్చుని "నా టోకెను పిలిచారా?" అని...

"వదినగారూ, మీ టీ చల్లారిపోతోంది."

చూశావా బుజ్జీ, కుళ్ళు! సరిగ్గా కథ పట్టులో ఉండగా టీ గుర్తొస్తుంది మీ నానమ్మకి.

"టీచరుగారూ, చెయ్యెత్తాను. ఒక్క సందేహం."

అడుగు నాయనా. అయ్యో, చెయ్యి పైకప్పుకి తగులుతోంది, దించు.

"ఆ రోజు హాల్లో లైను కట్టించింది నిజంగా మీరేనాండీ?"

ముమ్మాటికీ నేనే! మిగతావి నమ్మినా నమ్మకపోయినా, ఇది మాత్రం ఎవరూ కాదనలేరు. బళ్ళో ప్రార్థనకి నిలబెట్టినట్టు, పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. తల వెనక తల, ఎంత ముచ్చటగా ఉందనుకున్నావు!

"కాదననండీ. ఆ లైన్లో ఆఖరివాణ్ణి నేనే. ఉబ్బసం, ఊపిరాడటం లేదు. చెయ్యెత్తితే 'నీ వంతు వచ్చేదాకా ఆగు' అన్నారు మీరు. గోడకి ఆనుకుని కిందికి జారిపోతుంటే ఈ నర్సమ్మగారు చూశారు. మీ లైనంతా చెడగొట్టి, ఎవరికి ప్రాణం మీదికొచ్చిందో వాళ్ళని ముందుకి తెచ్చారు. నన్ను ఆక్సిజన్ దగ్గరికి లాక్కెళ్ళింది ఇదిగో, ఈ మోచెయ్యి పట్టుకునే. ఫోటోలో ఉన్నది ఇదేనండీ."

...అంత దగ్గరికెళ్ళి చూడక్కర్లేదు బుజ్జీ. ఉన్నాయిలే వెంట్రుకలు.

"నానమ్మా, రేపు నువ్వే రావాలి!"

"అమ్మమ్మనే తీసుకెళ్ళు తల్లీ. నాకు కథలు చెప్పడం రాదు."

అదిగో, ఆ మంచితనమే నాకు గిట్టనిది! మీరు వదిలేసింది నేను పుచ్చుకోవాలా?

వెళ్ళండి వదినగారూ, మీరే వెళ్ళండి. పిల్లలు గోల చేస్తే ఒక్క చప్పట కొట్టండి, చాలు. లైను మాత్రం... మీ పద్ధతిలోనే కట్టించండి. ఆ టీ ఇటివ్వండి, చల్లారినా తాగుతాను. కానీ ఒక్కటి, అక్కడ ఫోటో మాత్రం తీయించుకోకండి.