మణెమ్మ చేలో మంద

ఏంది వంశీ, ఛార్జిషీటులో తప్పుందని కేసు కొట్టేసినారంటనా? ఆ ముద్దాయి బతికిపోయినాడంటావా? లా చదివేవాడివి, అట్లనే అంటావులే. మా చెన్నయ్య మామ కూడా అట్ల బతికిపోయినోడే. నువ్వు పుట్టకముందే పోయినాడు. గొర్లు కాసేవాడు. మాట్లాడితే ఎదుటిమనిషి కాళ్ళ దిక్కు చూసి మాట్లాడేవాడు, అదో అలవాటు. ఒక యేడు మా ఊరి మణెమ్మ కాడెద్దుల్ని ఎవరో తోలుకపోయినారు. మొగుడు లేని మనిషి, ఎద్దులు పోతే సేద్యమే పోయినట్టు. పక్క బీడులో మామ మంద ఉండె, ఇంకేముంది, పోలీసులు ఆయన్నే పట్టుకపోయినారు. ఎద్దులు దొరకలా, కేసు మాత్రం నడిచింది. నేరం ఫలానా తేదీన జరిగిందని కాగితంలో రాసినారు. మణెమ్మ బోనెక్కి, "ఆ పొద్దు ఎద్దులు నా కొట్టంలోనే ఉండాయి సామీ, పోయింది శివరాత్రి ఎల్లినాక" అనేసింది. ఒక్క అబద్ధం ఆడుంటే ఆమె కేసు నిలిచేది, ఆడలా. సర్కారు వకీలు తేదీ దిద్దించుకోలా. జడ్జి విడుదల అన్నాడు.

పోలీసులు ఊరుకుంటారా, తేదీ మార్చి మళ్ళీ పెట్టినారు. మన వకీలు లేచి, "ఒకసారి విచారించి వదిలేసిన మనిషిని అదే నేరానికి మళ్ళీ విచారించగూడదు" అన్నాడు. అప్పుడు మామ ఏం చేసినాడో తెలుసునా? చేతులు కట్టుకొని, "విచారించండి సామీ, నేను తోలుకపోయినానో లేదో తేల్చండి" అన్నాడు. వకీలేమో మామ చొక్కా పట్టి గుంజుతాండాడు. జడ్జి మంచోడే పాపం, "నీ మేలుకే పెట్టిన చట్టం పెద్దాయనా, ఇంటికి పో" అన్నాడు.

వచ్చినాడు. వస్తే ఏముంది? కుండ మూతికి మూకుడుంది గానీ లోకం మూతికి మూకుడు లేదు. "తేదీ తప్పుపోబట్టి బయటపడినాడు, దొంగ దొంగే" అనేది ఊరంతా. కోర్టు రెండోసారి విచారించగూడదు గానీ, ఊరు రోజూ విచారించొచ్చు. అంతకుముందు కోతలైతే రైతులు పోటీలు పడేవాళ్ళు, "మా చేలో మంద కట్టు చెన్నన్నా" అని. గొర్లు పడుకున్న చేనికి ఎరువు, కాపరికి గింజలు. కేసు అయినంక ఒక్కడూ పిలవలా. ఊరి చేలన్నీ దాటుకొని అడవి అంచున ఆపుకునేవాడు. ఆ బాధ నేను చూసినా నాయనా, మనిషి సగమైపోయినాడు.

చానా యేండ్లకు, ఒకనాడు దావలో మణెమ్మ ఎదురొచ్చింది. నేను పక్కనే ఉండా. "చెన్నన్నా, నా చేలో మంద కట్టు" అనింది. మామ ఆమె కాళ్ళ దిక్కే చూస్తా, "నేను దొంగనా కాదా, అది చెప్పమ్మా ముందు" అన్నాడు. ఇంకొకరైతే పని గావాలని కాదు కాదు అనేవాళ్ళే. ఆమె మాత్రం, "నాకు తెలవదు చెన్నన్నా, నేను చూడలా" అనింది.

మామ తలెత్తినాడు. "అందరికీ తెలుసంటమ్మా. తెలవదన్నది నువ్వొక్కదానివే" అన్నాడు. మంద ఆమె చేలోకి మళ్ళించినాడు, కండ్లు తుడుచుకుంటా.

ఊఁ... లెయ్ లెయ్, మీ అవ్వ అన్నానికి పిలుస్తాంది.