నీళ్ల మీద నాగటి సాలు

సకల జనుల సమ్మె మొదలై ఇరవై దినాలైంది. కేసముద్రం మార్కెట్ ముంగట సమ్మె టెంటు, దాని పక్కనే పోశాలు చాయ్ బండి. ఆ పొద్దు జైసింగ్ అందరికంటె ముందే వచ్చి కూసున్నడు. అసలైతే ఆయన పోవాల్సింది చెల్కకు. అన్న ధన్‌సింగ్ మక్కలు కోసినంక దున్నుకుంట, హద్దురాయి జరిపి తమ్ముని చెల్కల రెండు సాళ్లు తన దాంట్ల కలుపుకున్నడు. సర్వేయర్ సమ్మెల ఉన్నడు, మనమే తాడు పట్టి కొలుద్దాం రమ్మని భార్య తుల్సీబాయి తెల్లారంగనే చెప్పింది. అన్న ముంగటికి పోవాలంటే జైసింగ్‌కు కాళ్లు ఆడయి. నోరు మాత్రం ఏడున్నా ఆడుతది.

"బొంబాయి రేవుల మూటలు మోసేటప్పుడు" అని సురువు చేసిండు, "రెండు పడవలోళ్లు చేపల కాడ కొట్లాడుకుంటే నేనే నడుమ వడి ఇడిపిచ్చిన. గంతే, పెద్ద ముచ్చటేం గాదు."

"సముద్రానికి హద్దులుంటయా అన్నా?" పోశాలు చాయ్ వడపోసుకుంట అడిగిండు.

"ఉండకేంది? ఒడ్డు నుంచి పన్నెండు మైళ్లు ఆ దేశం సొంతం. సముద్రపు మైలు మన మైలు కంటె జర పొడుగు. అండ్ల పరాయి ఓడ పోవచ్చు గని నిమ్మళంగ పోవాలె, వల ఎయ్యొద్దు. పంట కోసినంక మన చెల్కల నుంచి పక్కోని బండి పోతే ఊకుంటం గదా, గట్లనే. రెండు వందల మైళ్ల దాక చేపలు ఆ దేశానివే. అవుతల నడిసముద్రం ఎవ్వని జాగీరు కాదు, అందరిది."

టెంటు కింద కూసున్న రూతు టీచరమ్మ తలెత్తింది. జైసింగ్ నోట్ల నుంచి ఇంత నిజం వస్తదని ఆమె అనుకోలే. "గది మాత్రం ఖరే. దేశాలన్నీ కూడి రాసుకున్నయి. మరి రెండు దేశాల నడుమ అంత జాగ లేకపోతే ఎట్ల పంచుతరు?"

ఇగ జైసింగ్‌ను పట్టేటోడు లేడు.

"గదే పంచాయితి, టీచరమ్మా. ఆ పడవలు రెండు దేశాలయి. పొద్దుమూకి రెండు దేశాల కప్తాన్లు నా కాడికొచ్చిండ్రు. తెల్లారి సముద్రం కోర్టు జడ్జీలు ఇరవై ఒక్క మంది, పద్నాలుగు దేశాల పెద్దలు, నన్ను ఓడల తోలుకపోయిండ్రు. ఎవ్వలకు కొలుసుడు వస్తలేదు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? తాడు తెమ్మన్న. ఒక కొస తిమింగలం తోకకు కట్టి, ఇంకో కొస పంటి కింద పట్టి ఈదుకుంట, తిమింగలానికి తొవ్వ చెప్పుకుంట పోయిన."

"పంటి కింద తాడు పెట్టుకొని తొవ్వెట్ల చెప్పినవే?"

"ముక్కుతోని చెప్పిన. మధ్యల అడ్డురాకు, పోశాలు. కొలిచినమా, రాళ్లు పాతుదమంటే మునుగుతున్నయి. తండా నుంచి ఎడ్లజత తెప్పిచ్చిన. ఎడ్లు ఈదుతుంటే మేడి పట్టి, నీళ్ల మీద నాగటి సాలు కొట్టిన, ఈ కొస నుంచి ఆ కొస దాక. దాన్ని దాటిన ఓడను నేను ఒక్క మాటంటె మల్లా ఎనుకకు పోవాల్సిందే. చేపలు గూడ ఆడికొచ్చి మర్లిపోతయి. ఆ సాలు ఇయ్యాల్టికి పూడలే."

అప్పటికే తుల్సీబాయి తాడుచుట్ట సంకల పెట్టుకొని ఆయన ఎనుక నిలబడ్డది. కొడుకు పేరు మీద మొగన్ని పిలిచి, లంబాడి మాటల గాదు, అందరికి సమజయ్యేటట్టు తెలుగులనే అడిగింది.

"చందు బాపు, నీళ్ల మీద కొట్టిన సాలు పూడలేదంటివి. మరి మన్నుల ఉన్న మన సాళ్లు రెండు ఏడికి వోయినయి?"

టెంటంత నవ్వింది. జైసింగ్ నవ్వలే. చాయ్ గిలాస దిక్కే సూసుకుంట మెల్లగ అన్నడు, "ఆ పద్నాలుగు దేశాలల్ల మా అన్న లేడే, తుల్సీ. నన్ను సంకనేసుకొని పెంచినోడు. ఆయన ముంగట నాకు నోరు లేవది."

తుల్సీబాయి తాడు కొస ఇడిసి ఆయన చేతుల పెట్టింది.

"ఇది గూడ పంటి కింద పట్టుకో. మీ అన్నను ఆ మాట నేనే అంట."

జైసింగ్ తువ్వాల భుజాన ఏసుకొని లేచి చెల్క తొవ్వ పట్టిండు. అన్నదమ్ముల నడుమ హద్దు ఎట్ల కొలుస్తరో సూద్దామని రూతు టీచరమ్మ గూడ వాళ్ల ఎంబడి నడిచింది.