మేక మిగిల్చిన ఆకు

1917. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరు పెరట్లో, మేక మేసేసిన కరివేపాకు మొక్క దగ్గర భార్యాభర్తలు నిలబడి ఉన్నారు.

“మావా, ఈ సీతాకోకచిలక ఎంత చిన్నదో సూడు! నిరుడు అరచేయంత ఉండీవి.”

“పురుగుగా ఉన్నప్పుడు దానికి తిండేదే? ఆకంతా మన మేకే తినీసింది.”

“పోన్లే, ఇప్పుడు తిని పెరుగుతాది.”

“రెక్కలొచ్చీసాక ఏటి తిన్నా పెరగదు.”

“అచ్ఛా... మన కొడుకు అమ్మన్నకి ఇంజన్లో బొగ్గేసే ఫైర్‌మన్ డ్యూటీకి పొడుగు చాలదన్నారు కదా, డాక్టరు ఏటన్నాడు? మేకపాలు తాగితే పెరుగుతాడన్నాడా?”

“కరువులో పుట్టినోడు కదే. పాలు తాగాల్సిన వయసులో గంజి కూడా పొయ్యలేకపోనాం.”

“...అయితే మేకని అమ్మీమంటావేటి?”

“ఉండనీ. ఈ పొద్దున్న కూడా పాలు తాగి, గోడకానుకుని పొడుగు సూసుకున్నాడు.”