తోడు ఎట్ మనిల్లు

అమ్మ ఉల్లిపాయలు తరుగుతుంటే, కొడుకు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వంటగదిలోకి వచ్చిపడ్డాడు. అసలే అనుమానప్పక్షి, ఆపైన ఎన్ని మెయిల్ అడ్రసులైనా పెట్టుకోవచ్చని ‘మనిల్లు’ పేరుతో సొంత డొమైన్ కొన్నాడు.

“...అందుకే తలుపు వెయ్యమంటున్నా. నీ కోడలు వింటుంది.”

“అది స్నానానికెళ్ళింది. ఏంట్రా, మళ్ళీ చెప్పులకొట్టువాడు నీ మెయిల్ అడ్రసు అమ్ముకున్నాడా?”

“వాడి అడ్రసు ఎప్పుడో పీకేశా. ఒక్కో కొట్టుకి ఒక్కో అడ్రసు ఇస్తే సుఖం అదేనమ్మా. ఏ అడ్రసుకి చెత్త మెయిళ్ళొస్తే ఆ కొట్టువాడే దొంగ.”

“అబ్బో! ఈసారి దొంగెవరు?”

“ఇంట్లోనే ఉంది.”

“నేనేం చేశాన్రా? పళ్ళ డాక్టరుకి ఇచ్చిన అడ్రసేనా?”

“నువ్వు కాదులే. ‘తోడు ఎట్ మనిల్లు’ అని ఓ అడ్రసు. ఆ పేరు నేను పెట్టలేదు. దానికి పెళ్ళిసంబంధాల సైటు నుంచి ఒకాయన మెయిల్ పెట్టాడు. ‘ఫొటో చూశాను, మీ నవ్వు బాగుంది, కాఫీకి కలుద్దామా’ అని... ఏంటి, నవ్వుతున్నావా?”

“ఉల్లిపాయలురా. నువ్వు పెట్టని పేరైతే నీకెలా వచ్చింది?”

“‘ఎట్ మనిల్లు’కి ముందు ఏ పేరు రాసినా సరే, నా పెట్టెలోనే పడేలా పెట్టా. ఒక్కటీ తప్పిపోకూడదని.”

“మాతో ‘నచ్చిన పేరు పెట్టుకోండి, మీకే వస్తుంది’ అన్నావు!”

“నాకు చెప్పి పెట్టుకుంటే మీకు. చెప్పకపోతే నాకు.”

“ఆ ముక్క అప్పుడే ఏడవచ్చుగా!”

“నా కాపురం కూలిపోతుంటే నీ గోలేంటమ్మా? ఆయన ఫొటో చూశావా, తల ముగ్గుబుట్ట! నీ కోడలికి ఆ ముసలాడెందుకు? నాలో ఏం తక్కువ?”

“జుట్టు.”

“అమ్మా!”

“దాన్ననకు. అది అలాంటిది కాదు.”

“మరెవరు? ఉన్నది ముగ్గురం. రానీ బయటికి, నిలదీస్తా.”

“నిలదీద్దువుగాని. ఆయనకేం రాశావో నీ నోటితో చెప్పు.”

“రాశానని నీకెలా తెలుసు?”

“నిన్ను కన్నాను కనక.”

“‘ఒరే ముసలినక్కా, కాఫీ కావాలంటే కాటికెళ్ళి తాగు. ఇట్లు, ఈ ఇంటి యజమాని’ అని రాత్రే రాశా.”

“ఇల్లు నా పేరున ఉంది.”

“ఇప్పుడదా ముఖ్యం? ఇదిగో, తలుపు తీసిన చప్పుడు. వస్తోంది. ఏమేవ్—”

“నోర్ముయ్! దాన్ని పిలవకు. తోడు వెతుక్కున్నది నేను.”

“...నువ్వా?”

“నేనే. మీ నాన్న పోయాక ఈ ఇంట్లో నాతో మాట్లాడేదెవర్రా? నువ్వు ఆ డబ్బాతో, అది ఆఫీసుతో. ఒక్కదాన్నీ గోడలు చూస్తూ కూర్చోలేకపోతున్నా. ఫొటో తీసింది కోడలే. పేరు నేనే పెట్టా.”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?”

“చెప్పులకొట్టువాణ్ణే నమ్మవు, ఆయన్ని నమ్ముతావా?”

“అయ్యో... అమ్మా, చెడగొట్టేశానా? ఇప్పుడే క్షమించమని రాస్తా.”

“ఏమీ రాయకు. నీ రాతలు చాలు. సైట్లో ఫోన్ నంబరు కూడా ఇచ్చాలే, పొద్దున్నే ఫోన్ చేశారు.”

“తిట్టారా?”

“లేదు. ‘అలాంటి నోరున్న కొడుకుతో ఇన్నాళ్ళూ ఒక్కరే వేగుతున్నారా? మీకు తోడు అర్జెంటు. సాయంత్రమే వస్తున్నా’ అన్నారు.”